చెంబు చిన్నది చేయండి నాన్నగారూ

హాంబర్గ్,
ఆదివారం రాత్రి

నాన్నగారికి, మీ పెద్దమ్మాయి నమస్కరించి రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. పిల్లాడి జలుబు తగ్గింది. లాప్‌టాప్‌కి పెట్టిన కీబోర్డు గురించి మొన్న వీడియో కాల్‌లో నేను చెప్పింది మీకు సగమే వినిపించింది, తమ్ముడేమో "చూస్తాలే" అని జారుకున్నాడు. అందుకే కాగితం మీద రాసి పోస్టులో పంపుతున్నాను. హార్మోనియం పెట్టె మూత లోపల అంటించుకోండి.

"ఇప్పుడు నొక్కితే తర్వాత పలుకుతోంది, ఇది వాయిద్యమా, వంతగాడా?" అన్నారు. నవ్వొచ్చింది గానీ, తెనాలి నాటకాల్లో నటుడు పద్యం ఎత్తుకోగానే రాగం అందుకున్న చేతులవి, ఆ కాస్త ఆలస్యాన్ని ఒప్పుకుంటాయా? తప్పు మీ చేతులది కాదు. కీబోర్డుదీ కాదు.

ఆ కీబోర్డులో రీడ్లు లేవు, తిత్తి లేదు, అసలు శబ్దమే లేదు. ఏ మెట్టు నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో 0 నుంచి 127 వరకు అంకెల్లో చెబుతుంది, అంతే. మిడి అంటే అదే. 1983 నుంచీ నడుస్తున్న పద్ధతి. పలికించేది లాప్‌టాప్. అది శబ్దాన్ని చుక్కచుక్కగా కాక చెంబుల్లో నింపి స్పీకరుకి పోస్తుంది. ఆ చెంబు పేరు బఫర్. చెంబు పెద్దదైతే నిండేదాకా ఆగాలి. మరీ చిన్నదైతే నింపేవాడికి ఊపిరాడక టిక్కుటిక్కుమని తెగుతుంది.

తమ్ముడు పెట్టి వెళ్ళింది 1024 శాంపిళ్ళు, అంటే శబ్దపు చుక్కలు. సెకనుకి 48,000 శాంపిళ్ళ లెక్కన అది 21 మిల్లీసెకన్లు. అంటే మీ హార్మోనియం ఏడు మీటర్ల అవతల స్టేజి చివర మోగితే మీ చెవికి ఎలా చేరుతుందో, అలాగన్నమాట. 128 పెడితే మూడు మిల్లీసెకన్ల లోపే. డ్రైవరూ (లాప్‌టాప్‌కీ పెట్టెకీ మధ్య నడిచే ప్రోగ్రాం), తీగలూ ఇంకొంచెం కలుపుతాయి గానీ అది మీకు తెలియదు.

ముందు కీబోర్డు తీగ పెట్టి, ఆ తర్వాతే క్యూబేస్ (రికార్డింగు ప్రోగ్రాం) తెరవండి. పైన స్టూడియో మెనూలో స్టూడియో సెటప్ నొక్కండి. ఎడమవైపు ఆడియో సిస్టమ్ అని ఉంటుంది. అక్కడ ఎసియో డ్రైవర్ గడిలో, మైకునీ స్పీకర్లనీ లాప్‌టాప్‌కి కలిపే మన ఎర్రపెట్టె పేరు ఉండాలి, జెనెరిక్ అని ఉంటే మార్చండి. (ఈ ఎసియో పుట్టింది నేనుండే ఊళ్ళోనే. క్యూబేస్ చేసే స్టైన్‌బర్గ్ వాళ్ళు 1997లో తెచ్చారు.) ఎడమవైపు ఆడియో సిస్టమ్ కిందే ఉన్న పెట్టె పేరు నొక్కితే కంట్రోల్ ప్యానెల్ వస్తుంది, అందులో బఫర్ 128 చేయండి. టిక్కుటిక్కుమంటే 256. అక్కడే మిడి పోర్ట్ సెటప్‌లో కీబోర్డు పేరు ఎదురుగా 'ఆల్ మిడి ఇన్‌పుట్స్' గడిలో టిక్కు ఉండాలి. లేకపోతే ఎంత నొక్కినా మూగనోమే.

ఇంకొకటి. మీ ఒకటిన్నర శ్రుతి రెండు దాటిపోయిందన్నారు చూడండి, నాకు ఒళ్ళు పులకరించింది. తంబురా ఫోనులో సెకనుకి 44,100 శాంపిళ్ళతో రికార్డయింది, ప్రాజెక్టు 48,000లో ఉంది. దిగుమతి చేసేటప్పుడు 'మార్చమంటారా' అని అడిగితే తమ్ముడు వద్దన్నాడట. అలా చేస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్లు (సెమిటోన్ అంటే పక్క మెట్టు దాకా ఉన్న దూరం) పైకి పోతుంది. అంటే రెండుకీ రెండున్నరకీ నడుమ. మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఈసారి అడిగితే సరే అనండి.

నేను పంపిన వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు మాత్రం దీనికి వాడకండి. వాటి ఆలస్యం ముందు ఏ బఫరూ పనిచేయదు. నా తెలివితక్కువతనం. అమ్మకి ఇచ్చేయండి, భక్తి పాటలు వింటుంది. మీకు తీగ ఉన్నవే మేలు. పద్యం పాడి రికార్డు చేసేటప్పుడు ఎర్రపెట్టె మీది డైరెక్ట్ మానిటర్ మీట వేసి, తెరమీద ట్రాకులో స్పీకర్ బొమ్మ ఆపండి. లేకపోతే మీ గొంతు మీకే రెండుసార్లు వినిపిస్తుంది.

కీబోర్డు ఎడమపక్కన చక్రం ఉంది, చూశారా? హార్మోనియం మీద గమకం పలకదని మీకు ఎప్పుడూ బెంగ. ఆ చక్రం తిప్పితే స్వరం జారుతుంది, మామూలుగా పైకి రెండు సెమిటోన్లు, కిందికి రెండు. వేళ్ళకి అలవాటవడానికి వారం పడుతుందేమో. తోడి మొదలుపెట్టి చూడండి, గాంధారం ఎలా వచ్చిందో చెప్పండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజిగా మాత్రం పంపొద్దు, ఫైలే పంపించండి.

మీ
పెద్దమ్మాయి