చదరంగపు గళ్ల గింజల సంఖ్యను పూర్తిగా ప్రచురించండి

సంపాదకులకు నమస్కారం.

చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున 64 గళ్లనూ నింపమని రాజును కోరిన కథ మన పత్రికల పిల్లల పేజీల్లో తరచూ వస్తుంటుంది. అయితే చాలాసార్లు ‘లెక్కకందనన్ని గింజలు’ అంటూ కథను ముగించేస్తారు. ఆ మొత్తం లెక్కకు చక్కగా అందుతుంది. అది 18446744073709551615.

తెలుగువారికి ఇది కొత్త సంఖ్య కాదు. ప్రాచీన తెలుగు గణితకవి పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన ఒక చంపకమాల దీన్ని ఒక్క అంకె కూడా తప్పకుండా చెబుతుంది. పద్యం ‘శర శశి షట్క చంద్ర’ అని మొదలవుతుంది. మన్మథుని శరాలు అయిదు, శశి ఒకటి, షట్కం ఆరు, చంద్రుడు మళ్లీ ఒకటి. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి కాబట్టి ఈ నాలుగు మాటలతోనే సంఖ్య చివరనున్న 1615 వచ్చేస్తుంది.

ఇక సంఖ్య లోపలి నిర్మాణం ఇంకా అందమైనది. ఇది 2 యొక్క 64వ ఘాతం కన్నా ఒకటి తక్కువ కావడం వల్ల, వర్గాల భేదం సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధంగా విడిపోతుంది. ఇవన్నీ ఫెర్మా సంఖ్యలు, అంటే 2 యొక్క 1, 2, 4, 8, 16, 32వ ఘాతాలకు ఒక్కొక్కటి కలిపితే వచ్చేవి. ఈ వరుసలోనివన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు; మొదటి అయిదింటి వరకు అది నిజమే కానీ, ఆరోది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ చూపించాడు. 641ని 5×128+1గానూ, 625+16గానూ రాయవచ్చు. ఈ రెండు రూపాలనూ కలిపి చూస్తే, అంత పెద్ద భాగహారం చేయకుండానే 641 దాని కారణాంకమని రుజువవుతుంది. ఇంత చిన్న రుజువు ఇంత పెద్ద సంఖ్యకు ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఈ ఫెర్మా ప్రధాన సంఖ్యలకు రేఖాగణితంతోనూ సంబంధం ఉంది. 1796లో గణితజ్ఞుడు గాస్ 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే నిర్మించవచ్చని నిరూపించాడు. అలా నిర్మించదగినవిగా ఇప్పటిదాకా తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజులు 31 మాత్రమే. ఆ 31 భుజాల సంఖ్యలూ మన గింజల సంఖ్యకు కారణాంకాలే.

కాబట్టి ఇకపై ఆ కథను వేసేటప్పుడు ఇరవై అంకెలనూ, మల్లన పద్యాన్నీ, 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన కారణాంకాలనూ పక్కనే అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు వాటిని కాగితం మీదే గుణించి సరిచూసుకోగలరు.

ఇట్లు,
ఒక గణితోపాధ్యాయుడు, తెనాలి