పద్యపాదాల ముందు వదిలిన ఖాళీ

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది. మంగళవారం తరువాత తెలుగు వికీపీడియాలో మీ పేరిట ఒక్క మార్పు కూడా కనబడకపోవడంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. నిద్ర లేవగానే మీ మార్పుల జాబితా తెరచి చూడడం నాకు అలవాటయింది. అందులో కొత్త పంక్తి ఉంటే మీరు కులాసాగా ఉన్నట్లే లెక్క.

మీ ఛందస్సు వ్యాసానికి ఎవరో శుద్ధి మూస, అంటే వ్యాసాన్ని సరిదిద్దాలని చెప్పే పలక, తగిలించి, చర్చా పేజీలో ఒక్క ముక్కయినా రాయకుండా వెళ్ళిపోయినందుకు మీరు నొచ్చుకున్నారని అమ్మ చెప్పింది. ఆ పద్ధతి నాకూ నచ్చలేదు. అయితే వారు తప్పుపట్టింది మీ పాండిత్యాన్ని కాదు, వ్యాసం రూపాన్ని మాత్రమే. జీవితమంతా ఇతరుల జవాబు పత్రాలు దిద్దిన మీకు ఇది రుచించదని నాకు తెలుసు.

కాగితం మీద రాసేటప్పటి అలవాటు కొద్దీ మీరు ప్రతి పద్యపాదానికి ముందు కొంత ఖాళీ వదిలారు. వికీలో పంక్తి ఖాళీతో మొదలైతే ఆ పంక్తి టైపుమిషను అక్షరాల వంటి అక్షరాలతో ఒక పెట్టెలోకి వెళ్ళిపోతుంది. ఖాళీ తీసివేస్తే పెట్టె పోతుంది గాని, నాలుగు పాదాలూ కలిసిపోయి వచనంలా తయారవుతాయి, ఎందుకంటే నడుమ ఒక పంక్తి పూర్తిగా వదిలితే తప్ప అక్కడ కొత్త పేరా మొదలు కాదు. అందుకే పద్యానికి ముందూ వెనుకా పోయెమ్ అనే ట్యాగు, అంటే కోణపు బ్రాకెట్లలో రాసే గుర్తు, పెడతారు. అప్పుడు ఏ పాదం ఆ పాదంగా నిలుస్తుంది. ఇది మొదటి రోజునే ఎవరికైనా ఎలా తెలుస్తుంది? నాకు తెలియడానికి నెల పట్టింది.

వ్యాసం చివర మీరు చేసిన సంతకం తీసివేసింది నేనే, కోపగించుకోకండి. నాలుగు టిల్డేలతో (~ గుర్తులతో) సంతకం చేయవలసినది చర్చా పేజీలలోనే. వ్యాసంలో ఎవరి పేరూ ఉండదు, కాని మీరు మార్చిన ప్రతి అక్షరమూ తేదీతో, సమయంతో సహా చరిత్ర పేజీలో మీ పేరిటే నమోదై ఉంటుంది. తరగతిలో ఇన్నేళ్ళు చెప్పిన పాఠానికి మూలం చూపించమనడమేమిటని మీరు అడిగారట. పాఠకుడు మీ తరగతిలో కూర్చోలేదు కదా! మీ బీరువాలోని లక్షణ గ్రంథం పేరు, పుట సంఖ్య ఆ వాక్యం పక్కనే రెఫ్ ట్యాగులో ఇస్తే చాలు.

ఒకప్పుడు నేనూ అలాగే మూసలు తగిలించి వెళ్ళిపోయేవాడిని. ఒక కొత్త రచయిత మళ్ళీ తిరిగి రాలేదు. ఆయన వ్యాసంలో ఉన్న లోపమల్లా విభాగ శీర్షికలు లేకపోవడమే. ఇప్పుడు ముందు పలకరించి, ఒక పేరా నేను సరిచేసి, మిగిలినది వారికే వదులుతున్నాను. రాత్రుళ్ళు మేలుకుంటున్నానని అమ్మ బెంగ పెట్టుకోనక్కరలేదు, పదకొండు దాటనివ్వడం లేదు.

మీరు కళ్ళజోడు మార్పించుకున్నారా? మీ వ్యాసంలో మొదటి పద్యం ఒక్కటే సరిచేశాను, మిగిలిన నాలుగింటినీ ముట్టుకోలేదు. చరిత్ర పేజీలో ప్రస్తుతం మీ పేరు పైన నా పేరు ఉంది. మీరు రెండవ పద్యం సరిచేస్తే మళ్ళీ మీ పేరే పైకి వస్తుంది.

ఇట్లు,
మీ అబ్బాయి