వారం మాత్రకు తెలుగు చీటీ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు కొందరు శ్రీకాకుళం, విశాఖ వెళ్లి చూపించుకుంటారు, కొందరు బరంపురం వెళ్తారు. ఎక్కడ రాసినా మందుల చీటీ ఇంగ్లిషులోనే. మందులు కొనేది ఇక్కడి షాపుల్లో, అక్కడ చెప్పేది ఒడియాలో, అదీ రెండు ముక్కలు. తెలుగు తప్ప చదవలేని ముసలమ్మ ఏం అర్థం చేసుకోవాలి?

బీపీ, షుగరు మాత్రల అలవాటుతో, గుల్లబారిన ఎముకలకిచ్చే అలెండ్రోనేట్‌ మాత్రనూ రోజూ మింగేవాళ్లున్నారు. 70 మిల్లీగ్రాముల మాత్ర వారానికి ఒక్కటే. మా వీధిలో ఒక పెద్దావిడ నాలుగు వారాల అట్టను నాలుగు రోజుల్లో ఖాళీ చేశారు. ఛాతీలో మంటని షాపుకెళ్తే గ్యాస్ మాత్ర చేతిలో పెట్టారు!

ఈ మాత్ర అన్నవాహికలో ఆగితే పుండు పడుతుంది. అందుకే లేవగానే పరగడుపున, నమలకుండా, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట నడుం వాల్చకుండా ఉండాలి. ఆ అరగంట టీ, పాలు, టిఫిను ఏవీ వద్దు. టీ పడందే పొద్దు మొదలుకాని మన ఇళ్లలో అసలు కష్టం ఇదే. కాల్షియం మాత్ర కూడా దీంతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. ఒక వారం మరిచిపోతే గుర్తొచ్చిన మర్నాడు పొద్దున ఒకటి వేసుకోవాలి, ఒకే రోజు రెండు కాదు. మింగుతుంటే నొప్పి పుట్టినా, గుండెల్లో మంట మొదలైనా మాత్ర ఆపి డాక్టరు దగ్గరకెళ్లాలి. కిడ్నీ జబ్బుంటే మొదట్లోనే చెప్పాలి. పన్ను పీకించుకునే ముందు పళ్ల డాక్టరుకూ చెప్పాలి.

ఇదే ఎముకల జబ్బుకు ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ తీసుకునేవాళ్లది వేరే తంటా. ఊరు దూరమని వాయిదా వేస్తే వెన్నుపూసలు విరిగే ముప్పుంది. ఇది ముందే చెప్పేవారేరీ?

మందు వాడే తీరు రోగికి వివరించడం ఫార్మసిస్టు బాధ్యతేనని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు చెబుతున్నాయి. కొత్త చట్టం అక్కర్లేదు. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల ఆరోగ్యాధికారులు ఒడియా, తెలుగుల్లో అరచేతంత చీటీ అచ్చువేసి షాపులకిస్తే సరిపోతుంది. తెలుగు సినిమా పోస్టరు వేయడానికి మా ఊళ్లో ఎవరికీ ఇబ్బంది లేదు కదా. ఆ చీటీ వచ్చేదాకా షాపువాళ్లు మాత్ర వేసుకునే వారం పేరు అట్ట మీద పెన్నుతో, ‘లక్ష్మివారం మాత్రమే’ అన్నట్టు, రాసివ్వాలి. ఆంధ్రా డాక్టర్లయినా ఆ వారం పేరు తెలుగులో రాయాలని మనవి.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా