సంక్రాంతి వెళ్లాక చిన్నబ్బాయికి

చిరంజీవి చిన్నబ్బాయికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. దాళ్వా ఊడ్పులు రేపటితో అయిపోతాయి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ మీ అమ్మ ఫోన్ చేత్తో పట్టుకునే తిరిగింది. సరేలే, పనిలో ఉండుంటావు.

నిన్న గట్టు మీద నిలబడితే దక్షిణాఫ్రికాలో నువ్వుండే ఆ ఇక్సోపో ఊరే గుర్తొచ్చింది. ఊడ్చేవాళ్లు వెనక్కి అడుగు తీసినప్పుడల్లా బురదలో ఒకటే చప్పుడు. ఆవు డెక్క బురదలోంచి ఊడొచ్చే ఆ చప్పుడునే జులూవాళ్లు ఊరికి పేరుగా పెట్టుకున్నారని చెప్పావు కదా. 1878లో తెల్లవాళ్లు వాళ్ల మేజిస్ట్రేటు పేరున స్టువర్ట్స్‌టౌన్ అన్నా అది నిలవలేదన్నావు. నిలవదు మరి, బురద తొక్కినవాడి నోటికి ఆ పేరెలా వస్తుంది? ఇక్సోపోలో ఎక్స్ అక్షరాన్ని ‘క్స’ అనకూడదని, నాలుక అంచు దవడపళ్లకు ఆనించి లాగి, ఎద్దుల్ని అదిలించినట్టు పలకాలని నేర్పావు. రోజూ అనుకుంటున్నాను. నువ్వు ఫోన్ చేస్తే వినిపిద్దామని.

మన ఎద్దు మల్లన్న బురదలో దిగబడ్డ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. కాలవ కింద చేలో దమ్ము చేస్తుంటే ముందుకాలు మోకాలి దాకా కూరుకుపోయింది. నేను ములుకర్ర ఎత్తాను. తాతయ్య లాక్కుని అవతల పారేశారు. కాడి దించి, బురదలో కూర్చుని, డెక్క చుట్టూ చేత్తో తోడారు. తోడిన చోటల్లా నీళ్లు నిండేవి. గడ్డి కుక్కి మళ్లీ తోడారు. అది కళ్లు తేలేసి ఆయన భుజమ్మీద బరువంతా వేసింది. కాలు ఊడొచ్చి ఆ చప్పుడు వినిపించాకే తాతయ్య ఊపిరి పీల్చుకున్నారు. బలవంతంగా లాగితే కీలు తప్పుతుందిరా అన్నారు. దేనికీ తొందర పనికిరాదు. బండి తోలేటప్పుడు మరీను.

వానలో నీ కారు రోడ్డు దిగి కూరుకుపోయిందని రమణ బావ ఎవరి దగ్గరో విన్నాడట. నిజమేనా? నీకేమైనా తగిలిందా? దుంగల లారీలు తిరిగే రోడ్డని నువ్వే అన్నావు. పొగమంచులో రాత్రిపూట బయల్దేరకు. టైర్లు అరిగితే మార్చు, డబ్బుకు చూసుకోకు. డర్బన్‌లో ఆంధ్ర మహాసభ 1931 నుంచీ ఉంది, అక్కడి పెద్దవాళ్లను పరిచయం చేసుకోమని ఎన్నిసార్లు చెప్పాను? అవసరానికి ఒక మనిషి ఉండాలి.

అరిసెలు డబ్బాలో పెట్టి ఉంచింది అమ్మ. ఎలా పంపాలో చెప్పు. మీ వదిన ఫోన్ నేర్పింది, వీడియో కాల్ నేనే ఎత్తగలను. ఆదివారం చేలోకి వెళ్లను, ఇంట్లోనే ఉంటాను. కాళ్లూ చేతులూ చూపించు.

మీ నాన్న