వార్షిక నివేదిక: నేలపట్టు, పులికాట్ పక్షి వీక్షణ యాత్ర

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన కాలనీ నివాసుల సంఘం చేపట్టిన మంచినీటి ట్యాంకు మరమ్మతు, ఉగాది వేడుక, ఆరోగ్య శిబిరం యథావిధిగా పూర్తయ్యాయి. వాటి ఖర్చులు జమాఖర్చుల పట్టికలో ఉన్నాయి. జనవరిలో ఒక ఆదివారం జరిపిన పక్షి వీక్షణ యాత్ర గురించి మాత్రం కొంత వివరంగా నివేదించవలసి ఉంది. సంఘం తరఫున ఇటువంటి యాత్ర జరగడం ఇదే మొదలు, రాలేకపోయిన సభ్యులు పలువురు అడుగుతున్నారు కూడా.

2022లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట, దొరవారిసత్రం ప్రాంతాలు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చిలికా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సుగా పేరున్న పులికాట్‌లో చాలా భాగం, గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టే నేలపట్టు చెరువు ఇప్పుడు మన జిల్లావే. అయినా ఆ రోజు బస్సెక్కినవారిలో ఎక్కువమంది వాటిని అంతకుముందు చూసి ఎరుగరు.

నాలుగున్నరకు కదలవలసిన బస్సు, సభ్యులు ఆలస్యంగా రావడంతో ఐదున్నరకు గానీ కదలలేదు. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా నేలపట్టు చేరేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. 1976లో రక్షిత కేంద్రంగా ప్రకటించిన ఈ చోట, చెరువు నీళ్లలోనే పెరిగే కడప చెట్ల కొమ్మల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, కంకణం పిట్టలు పక్కపక్కనే గూళ్లు పెట్టుకుంటాయి. చుట్టూ నీళ్లుండటం వల్ల నేలమీది జంతువులు గూళ్ల దాకా రాలేవు. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి మెడదాకా తల దూర్చి చేపలు తినడం చూసి, అప్పటిదాకా అల్లరి చేస్తున్న పిల్లలు మాటలు మానేశారు. పెద్దలలో కొందరు చప్పట్లు కొట్టి పక్షులను లేపబోగా మార్గదర్శకులు వెంటనే వారించారు. తల్లి గూడు విడిచి లేస్తే రెక్కలు రాని పిల్లలకు ఎండ తగులుతుందని, ఆ కాస్త వ్యవధిలోనే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయని వారు చెప్పిన మాట సభ్యులందరూ గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఆ తర్వాత వారు మమ్మల్ని కట్ట దించి వరి మడుల వైపు నడిపించారు. యాత్రలో అన్నిటికన్నా మంచి భాగం అదేనని నా అభిప్రాయం. గట్టు పొడుగునా పగలని ఖాళీ నత్తగుల్లలు పడి ఉన్నాయి. మధ్యలో సందున్న ముక్కుతో కొంగ గుల్లను చితకగొట్టకుండానే లోపలి మాంసాన్ని లాగి తింటుందట. ఆ సందు పిల్ల కొంగలకు ఉండదు, వయసుతో పాటు ఏర్పడుతుంది. మడికి నీళ్లు కడుతున్న ఒక రైతు, పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పారితే పైరుకు బలమని, అందుకే పక్షులు రాని ఏడు తమకు వెలితిగా ఉంటుందని చెప్పారు. గూడు చెరువులో, మేత మడుల్లోనూ పులికాట్‌లోనూ ఉన్న ఈ పక్షులకు మూడింటిలో ఏది చెడినా నిలువ నీడ ఉండదన్న సంగతి మాకు ఆ గట్టు మీదే తెలిసింది.

పులికాట్ చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. శ్రీహరికోట రోడ్డుకు ఇరువైపులా లోతులేని నీళ్లలో ఫ్లెమింగోలు తల తలకిందులుగా ముంచి మేస్తున్నాయి. గులాబి రంగు మేత నుంచి వస్తుంది కాబట్టి పిల్ల పక్షులు ఇంకా బూడిద రంగులోనే ఉన్నాయి. ఎండ వేడికి గాలి అలల్లా కదలడం వల్ల దూరపు గుంపులు బైనాక్యులర్లలో కూడా మసకగానే కనిపించాయి. ఉదయం మనం పోగొట్టుకున్న గంట విలువ అక్కడ తెలిసివచ్చింది.

కనుక వచ్చే జనవరిలో ముందు సరస్సుకు, తర్వాత చెరువుకు వెళ్లాలని, బస్సు నాలుగు గంటలకు ఎవరికోసమూ ఆగకుండా బయలుదేరాలని కార్యవర్గం నిర్ణయించింది. యాత్ర కోసం కొన్న రెండు బైనాక్యులర్లు సంఘ కార్యాలయంలో ఉన్నాయి; రిజిస్టరులో సంతకం చేసి సభ్యులెవరైనా వాటిని తీసుకువెళ్లవచ్చు.