నా నాలుగు హార్డ్ డిస్కుల వెనక ఉన్న అందరికీ కృతజ్ఞతలు

ఇంట్లో రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా కొన్ని డిస్కులను కలిపి వాడే పద్ధతి) పెట్టుకోవడానికి ఏ హార్డ్ డిస్కులు కొనాలని అడిగితే ఇంతమంది ఇంత ఓపిగ్గా జవాబిస్తారని అనుకోలేదు. డిస్కులు వచ్చాయి, పరీక్షలు అయ్యాయి, ఫొటోలూ వీడియోలూ అన్నీ ఎక్కేశాయి. ఎవరి మాట ఎక్కడ పనికొచ్చిందో కూడా రాస్తున్నాను. ఇదే వెతుకులాటలో ఉన్నవాళ్లకు ఉపయోగపడొచ్చు.

నేను అడిగింది చిన్న ప్రశ్న: నాలుగు డిస్కులు పట్టే పెట్టె ఉంది, 24 టీబీ చోటు కావాలి, ఏ కంపెనీవి మంచివి? మొదట జవాబిచ్చిన పెద్దాయన కంపెనీ పేరే ఎత్తలేదు. "ఒక డిస్క్ పోయిన రోజున ఏం చేస్తారు?" అని తిరిగి నన్నే అడిగారు. సార్, మొదటి నమస్కారం మీకే. ఆ తర్వాత జరిగిన ఎంపికంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

8 టీబీ డిస్కులు నాలుగు తీసుకుని రెయిడ్ 5 పెడితే 24 టీబీ వస్తుంది. 12 టీబీవి నాలుగు రెయిడ్ 6లో పెట్టినా అంతే వస్తుంది. మొదటి పద్ధతి ఒక డిస్క్ పోతే తట్టుకుంటుంది, రెండోది రెండు పోయినా నిలబడుతుంది. ఖర్చు ఎక్కువే, కాదనను. కానీ రీబిల్డ్ (పోయిన డిస్క్ స్థానంలో కొత్తది పెట్టి, మిగతావాటి నుంచి డేటా మళ్లీ నింపడం) లెక్క చూశాక మనసు మారింది. సెకనుకు సగటున 180 ఎంబీ వేగం అనుకున్నా 12 టీబీ డిస్క్ నిండటానికి పద్దెనిమిదిన్నర గంటలు పడుతుంది. మధ్యలో మనం ఫైళ్లు వాడుతుంటే ఇంకా ఎక్కువ. అంతసేపూ మిగిలిన డిస్కులను మొదటి నుంచి చివరిదాకా చదువుతూనే ఉండాలి. అవన్నీ ఒకే వయసువి, ఒకే పని చేసినవి. రెయిడ్ 5లో ఆ గంటల్లో ఇంకొకటి మొరాయిస్తే కథ కంచికే.

ఇక్కడ ఒకరు నా టెన్షన్ కాస్త తగ్గించారు. మామూలు డిస్కుల వివరాల్లో 10 ఘాతం 14 బిట్లకు ఒక చదవలేని సెక్టార్ (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడి) అని ఉంటుంది. అంటే దాదాపు 12.5 టీబీకి ఒకటి. దాన్ని పట్టుకుని రెయిడ్ 5 రీబిల్డ్ ఎలాగూ ఫెయిలవుతుందని చాలామంది రాస్తుంటారు. అది కంపెనీ "ఇంతకు మించదు" అని చెప్పే హద్దు, సగటు కాదు అని ఆయన వివరించారు. నిజంగానే 12.5 టీబీకి ఒక తప్పు వచ్చేట్టయితే స్క్రబ్ చేసిన (అంటే తప్పులున్నాయేమోనని డిస్కులు మొత్తం చదివి చూసిన) ప్రతిసారీ మనకు తప్పులు కనిపించాలి కదా! నేను రెయిడ్ 6 తీసుకున్నది ఆ అంకెకు భయపడి కాదు, ఆ పద్దెనిమిది గంటలు ప్రశాంతంగా నిద్రపోవడానికి.

ఎస్‌ఎంఆర్ అనే రాత పద్ధతి గురించి హెచ్చరించిన అక్కకు ఎంత చెప్పినా తక్కువే. ఎస్‌ఎంఆర్ డిస్కులో ట్రాకులు (డేటా రాసే వలయాలు) ఇంటికప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఉంటాయి. చోటు కలిసొస్తుంది కానీ, మధ్యలో ఒక ట్రాక్ మార్చాలంటే దాని పక్కనున్నవి కూడా ఆ భాగం చివరిదాకా మళ్లీ రాయాలి. మామూలు వాడకంలో డిస్క్ ముందుగా వేరే చోట రాసుకుని, తీరిగ్గా సర్దుకుంటుంది కాబట్టి మనకు తెలియదు. రీబిల్డ్‌లో తీరిక ఉండదు. ఆ చోటు నిండగానే వేగం పడిపోతుంది, ఒక్కోసారి డిస్క్ స్పందించట్లేదని రెయిడ్ దాన్ని బయటికి నెట్టేస్తుంది. నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే స్టోరేజ్ పెట్టె) కోసమని అమ్మే వెస్టర్న్ డిజిటల్ రెడ్ శ్రేణిలో కూడా 2 నుంచి 6 టీబీ మోడళ్లలో కొన్ని ఎస్‌ఎంఆర్ అని 2020లో బయటపడింది. ఆ తర్వాతే సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి పడని) వాటిని రెడ్ ప్లస్ అని విడదీశారు. అందుకే పెట్టె మీది పేరు చూసి ఊరుకోకుండా పూర్తి మోడల్ నంబర్‌ను కంపెనీ జాబితాలో చూసుకోమని అక్క పట్టుబట్టారు. చూసే కొన్నాను.

ఇంకో సంగతి నాకు బొత్తిగా తెలియనిది. చదవలేని సెక్టార్ తగిలితే డెస్క్‌టాప్ డిస్క్ దాన్నే పట్టుకుని చాలాసేపు ప్రయత్నిస్తూ ఉంటుంది. లినక్స్ మామూలుగా 30 సెకన్లు చూసి, ఇక లాభం లేదని డిస్కుతో లింక్ తెంపి మళ్లీ కలుపుతుంది. నాస్ డిస్కులు సాధారణంగా 7 సెకన్లలో చేతులెత్తేస్తాయి. రెయిడ్‌కు కావాల్సింది అదే. తప్పు అని తెలిస్తే చాలు, మిగతా డిస్కుల నుంచి ఆ సెక్టార్ లెక్కగట్టి మళ్లీ రాసేస్తుంది. కొన్ని డిస్కుల్లో ఎన్ని సెకన్లలో ఆగాలనే ఈ సెట్టింగ్ కరెంటు పోయి వస్తే చెరిగిపోతుంది, బూట్ అయినప్పుడల్లా పెట్టాలి అని చెప్పిన మిత్రుడికి ప్రత్యేకంగా థాంక్స్.

శబ్దం, వేడి గురించి చాలా చర్చ జరిగింది. నా పెట్టె అటక మీద ఉంది, నాకు పెద్దగా పట్టింపు లేదు.

ఒక డిస్క్ మీద ఏడాదికి ఇంతకు మించి పని పెట్టొద్దని కంపెనీ చెప్పే 180 టీబీ వర్క్‌లోడ్ పరిమితి ఇంటివాళ్లకు ఎప్పుడూ అడ్డు రాదనుకున్నాను. ఇందులో చదివింది కూడా లెక్కే, నెలకోసారి 12 టీబీ డిస్క్ మొత్తం స్క్రబ్ చేస్తే ఏడాదికి 144 టీబీ దానికే పోతుంది అని ఒకరు లెక్కేసి చూపించారు. ఇప్పుడు రెండు నెలలకోసారి పెట్టుకున్నాను.

బయటి యూఎస్‌బీ డ్రైవ్‌లు కొని, విప్పి, లోపలి డిస్కులు వాడుకోమన్న అన్నలూ, మీ సలహా పాటించలేదు, ఏమీ అనుకోకండి. లోపల ఏ మోడల్ ఉందో విప్పేదాకా ఖాయంగా తెలియకపోవడం నాకు నచ్చలేదు. పాత పవర్ సప్లైతో డిస్క్ తిరగకపోతే 3.3 వోల్టుల పిన్ను టేపుతో మూసేయాలన్న చిట్కా మాత్రం దాచుకున్నాను.

డేటా ఎక్కించే ముందు బ్యాడ్‌బ్లాక్స్‌తో (డిస్కును పరీక్షించే ప్రోగ్రామ్) నాలుగు రకాల నమూనాలు రాసి, చదివి చూడమన్నారు. ఇంత పెద్ద డిస్కుకు దాదాపు వారం పట్టే పని. ఆ పరీక్షలో ఒక డిస్కుకు స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా)లో 199 అంకె, అంటే డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య డేటా వెళ్లడంలో వచ్చిన తప్పుల లెక్క, పెరుగుతుంటే వాపసు పంపబోయాను. అది డిస్క్ తప్పు కాకపోవచ్చు, ముందు సాటా కేబుల్ మార్చి చూడండి అని రాసినవారు ఆపారు. మార్చాక అంకె కదల్లేదు.

రెయిడ్ బ్యాకప్ కాదు అని రాసినవాళ్లందరికీ కలిపి ఒకటే దండం. ముఖ్యమైనవాటికి ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంది.

చివరగా, ఒక్కో ట్రే మీద సీరియల్ నంబర్ రాసి అతికించమన్న తమ్ముడికి. రీబూట్ అయితే లినక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు మారిపోవచ్చు, డిస్క్ పోయినప్పుడు కంగారులో మంచిదాన్ని లాగేస్తారు అన్నావు. నాలుగింటికీ అతికించాను.