మంత్రిగారూ, గ్రాము మురుకుల రేటు ఎవరికి కావాలి?

చిన్న పరిశ్రమల శాఖ మంత్రిగారికి,
తిరుపతి కొర్లగుంట నుంచి ఒక మురుకుల వ్యాపారి నమస్కారాలు.

అయ్యా, ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ సోమవారాల్లో అర్జీలు తీసుకునే కౌంటర్లో ఇచ్చాను. మూడింటికీ ఫోనుకు మెసేజ్ వచ్చింది, పరిష్కారమైందని. ఏం పరిష్కారమైందో మీకైనా తెలిస్తే చెప్పండి.

నేను, మా అత్త, మరో ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఇంట్లో మురుకులు, చెక్కలు చేసి బస్టాండు దగ్గర అంగళ్లకు వేస్తాం. కొండ దిగిన భక్తులు కొనుక్కుపోతారు. విడిగా అమ్మినన్నాళ్లు ఏ బాధా లేదు. ప్యాకెట్లు కట్టివ్వమని అంగడివాళ్లు అడిగితే సరేనన్నాను. అదే నా తప్పు.

పేరు, అడ్రసు, బరువు, ఎమ్మార్పీ, తయారైన నెల, ఫోను నంబరు, 14 అంకెల ఫుడ్ రిజిస్ట్రేషన్ నంబరు, పచ్చ చుక్క అన్నీ వేయించి 5,000 కవర్లు ప్రింటు చేయించాను. (ఆ రిజిస్ట్రేషనుకు నేను కట్టిన ఫీజు 100 రూపాయలు, నెట్ సెంటరు అబ్బాయికి ఇచ్చింది 1,500.) తూనికలు కొలతల శాఖ నుంచి తనిఖీకి వచ్చినాయన కవరు తిప్పి తిప్పి చూసి, "గ్రాము రేటు ఏదమ్మా?" అన్నాడు. 200 గ్రాముల ప్యాకెట్టు 60 రూపాయలు కాబట్టి గ్రాముకు 30 పైసలని అచ్చు వేయాలట. సార్, పదకొండేళ్లలో గ్రాము మురుకులు అడిగిన మనిషిని నేను చూడలేదు. గ్రామంటే మురుకు విరిస్తే రాలే పొడి! సరే, స్టిక్కర్లు తెచ్చాం. మా అత్త కళ్లద్దాలు పెట్టుకుని రాత్రి పదకొండు దాకా ఒక్కొక్కటీ అంటించింది. ఆయన మళ్లీ వచ్చి స్టిక్కరు చెల్లదు, అచ్చులోనే ఉండాలన్నాడు. ఫైను కట్టాను. మూడు వేల కవర్లు ఇంకా మంచం కిందే ఉన్నాయి.

తూకంలో మోసం చేసేవాళ్లను వదిలేయమని నేననడం లేదు. నా కాటాకు ఏటా సీలు వేయించుకుంటున్నాను, వచ్చి చూసుకోండి. చిన్న చిన్న తప్పులకు శిక్షలు తగ్గించడానికి కేంద్రం 2023లో జన విశ్వాస్ చట్టం తెచ్చి 42 చట్టాలను సవరించిందని పేపర్లో చదివి సంబరపడ్డాను. అందులో నా కవరు లేనట్టుంది. మీ సభల్లో 'స్పీడ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్' అంటుంటారు. మా ఇంట్లో స్పీడంటే మా అత్త గంటకు ఎన్ని స్టిక్కర్లు అంటిస్తే అంత.

ఈ రూలు కేంద్రానిదని మీవాళ్లు అంటారు, తెలుసు. కేంద్రానికి ఒక ఉత్తరమైనా రాయొచ్చు కదా? బ్రహ్మోత్సవాలకు ఆర్డర్లు వచ్చాయి, నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌గా ఉంది. ఉన్న కవర్లు అయిపోయేదాకా స్టిక్కర్లతో అమ్ముకోనివ్వండి. దండం పెడతాను. కుదరదంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వండి. పరిష్కారమైందని మాత్రం మళ్లీ మెసేజ్ పెట్టొద్దు.